కిటికీ ముందు దువ్విన ఇసక

మా ఊళ్ళో ఎవరింటికైనా దారి అడిగితే గుర్తుగా పెరడే చెప్తారు. పాత టైర్లు కోసి, తెల్ల రంగేసి హంసలు చేసి నిలబెట్టింది అర్విద్స్ పెరడు. గాలిమరా, ఎర్ర టోపీల మట్టి మరుగుజ్జులూ ఉంటే అది బడి పంతులమ్మది. దురదగొండి తుప్పలు నడుం దాకా పెరిగి ఉంటే అది నాది. దాచుకోవడం దేనికి? నాకు ఆవులున్నాయి, మోకాలి నొప్పి ఉంది, ఈ రెంటి మధ్యా పూలకి తీరిక లేదు.

ఏమీ లేని పెరడంటూ ఒక్కటే ఉండేది. అది మా ఎదురింటి బిరుతాది. వట్టి గడ్డి, ఓ పక్క కట్టెల దొంతర, అంతే. ఊరందరికీ అదే విడ్డూరం. ఎందుకంటే బిరుతా పనే పూలు. మా సమాధుల తోట చూసుకునేది ఆవిడే. పట్నాల్లో ఉండిపోయిన వాళ్ళ తాతల సమాధులన్నిటికీ మొక్కలు నాటేదీ, నీళ్ళు పోసేదీ, చుట్టూ ఇసక దువ్వేదీ ఆవిడే. "నీ ఇంటి ముందు ఒక్క బంతిమొక్కైనా పెట్టవేమే?" అని నేనడిగితే, "పొద్దంతా వాటితోనేగా చస్తున్నాను, ఇంటికొచ్చి కూడానా?" అనేది.

ఇసక దువ్వడం గురించి చెప్పాలి. లాట్వియాలో పుట్టి ఇసక దువ్వడం రాని ఆడది ఉండదు. సమాధి చుట్టూ తెల్ల ఇసక పోసి, పొడుగు కర్రకి చివర పళ్ళుండే పనిముట్టుతో చారలు చారలుగా దువ్వుతాం. దువ్వుకుంటూ వెనక్కి నడిచి, ఆఖర్న మన అడుగులు కూడా చెరిపేసుకుని బయటికి రావాలి. ఇంట్లో గిన్నెలు తోమకపోయినా ఎవరూ ఏమీ అనరు గాని, అమ్మ సమాధి దగ్గర ఇసక మీద అడుగులు కనిపిస్తే ఊరు కాకుల్లా పొడుస్తుంది. బిరుతా దువ్విన ఇసక చూసి తీరాలి. చేపముల్లులా ఒకచోట, అలల్లా ఒకచోట. దాని మీద ఎవరైనా కాలు పెడితే మాత్రం ఊరుకోదు. ఓసారి పాస్టరుగారినే నిలబెట్టి కడిగేసింది, పాపం ఆయన ప్రార్థన మధ్యలో ఉన్నాడు.

ఆవిడ మొగుడు తాలిస్. నేనూ వాడూ ఒకే బడిలో చదివాం, అందుకే నాకు వాడు 'వాడే'. అడవిలో చెట్లు కొట్టే పని. ఇంత లావు మనిషి, అంతకన్నా లావు గొంతు. లీగో పండగొస్తే ఊరంతా వాడిదే. జూన్ నెలలో, పొద్దు సరిగ్గా గుంకనే గుంకని ఆ రోజు, మగాళ్ళు ఓక్ ఆకుల కిరీటాలూ ఆడాళ్ళు పూల కిరీటాలూ పెట్టుకుని మేమంతా ఇంటింటికీ పాడుతూ తిరుగుతాం. గేటు దగ్గర నిలబడి కళ్ళకి కనిపించింది పాడాలి. పెరడు ముచ్చటగా ఉంటే పొగడాలి, కలుపు ఉంటే దులిపెయ్యాలి. ఇంటివాళ్ళు కోపగించుకోకూడదు, బీరూ షాజీరా చీజూ పెట్టాలి. దులపడంలో తాలిస్‌ని మించినవాడు లేడు. అప్పటికప్పుడు కట్టి పాడేస్తాడు. పోయిన పండక్కి నా గేటు దగ్గర,

"వేల్తా పెరట్లో ఏం పండిందిరా, లీగో, లీగో,
ఆవు మేయనిది, అల్లుడు తాకనిది, లీగో, లీగో"

అని అందుకున్నాడు. నా అల్లుడు అక్కడే ఉన్నాడు. ఊరంతా పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. వచ్చే పండక్కి నీ పని చెప్తాను ఉండరా అనుకున్నాను.

ఆ వచ్చే పండగ లోపలే అంతా అయిపోయింది. శీతాకాలం మొదట్లో, కొట్టి పడేసిన బర్చ్ మాను ఒకటి మంచులో జారి వాడి మీదికి దొర్లింది. తుంటి నలిగిపోయింది. జిల్లా ఆసుపత్రిలో ఇనప ముక్కలేవో పెట్టి అతికించారు. మంచు కరుగుతుండగా ఇంటికి తెచ్చారు. ఎముకలు అతుక్కున్నాయనీ, చంక కర్రలతో నడక మొదలెట్టమనీ చెప్పి పంపారు.

వాడు నడవలేదు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు, అంతే. అంత గొంతున్న మనిషి నోట్లోంచి మాట రావడమే గగనమైపోయింది. బిరుతా చుక్కకూర చారు కాచి పెడితే రెండు చెంచాలు తాగి పక్కన పెట్టేసేవాడు. అర్విద్స్ బీరు సీసా పట్టుకొచ్చి పక్కన కూర్చుంటే, కాసేపు గోడతో మాట్లాడి వెళ్ళిపోవాల్సి వచ్చింది. నేను వెళ్ళి తిట్టాను. తిట్టడం నాకు బాగా వచ్చు.

"ఏరా, ఆడదాని కష్టం తింటూ పడుకోడానికి సిగ్గు లేదా?" అన్నాను.

"లేదు వేల్తా," అన్నాడు, గోడ వైపే చూస్తూ. "ఇక నాతో ఏం పని ఎవరికైనా? వెళ్ళు."

తిరిగి తిట్టి ఉంటే బాగుండేది. ఆ నెమ్మది గొంతు వినలేక బయటికొచ్చేశాను. గుమ్మం దాటాక గోడ చాటున నిలబడి ఏడ్చాను, బిరుతా చూడకుండా.

మే నెల్లో ఆరోగ్య కేంద్రం నర్సు ఇల్గా వచ్చింది. మొహమాటం లేని పిల్ల. బిరుతాని వంటింట్లోకి పిలిచి చెప్పేసింది. "ఆంటీ, ఈ ఎండాకాలం పోయేలోపు ఆయన లేచి నిలబడాలి. లేకపోతే తుంటి బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఆయన లేస్తానన్నా కాలు లేవదు. మందు లేదు దీనికి. ఆయనకి లేవాలని ఉండాలి, అంతే." వెళ్తూ వెళ్తూ, మంచం కిటికీ పక్కనే ఉంది కదా, బయట చూడ్డానికి ఏదైనా అందంగా పెట్టండి, అలాంటివి పని చేస్తాయి ఒక్కోసారి అని కూడా అంది. ఏదో ఒకటి చెప్పాలని చెప్పిన మాట అది. బిరుతా మాత్రం నీళ్ళల్లో మునిగిపోతున్న మనిషి కొమ్మ పట్టుకున్నట్టు పట్టుకుంది దాన్ని.

ఆ సాయంత్రం నేను పాలు పితుకుతుంటే కొట్టంలోకి వచ్చింది. "వేల్తా, పెరడు వెయ్యాలి. ఏదో ఒకటి అనుకుని వెయ్యాలట, అదీ ఇదీ కలిపేస్తే కంటికి ఆనదట. ఏం అనుకుని వెయ్యను?"

"నన్నడుగుతున్నావా? నా పెరడు చూసే అడుగుతున్నావా?" అన్నాను.

నవ్వలేదు. "నాకేం తోచట్లేదే. లీగో పండగ లోపల అయిపోవాలి. ఆరోజు పాటగాళ్ళొచ్చి గేటు దగ్గర పొగిడితే ఆయన వింటాడు. విని లేస్తాడు. ఆ రోజుకి కూడా లేవలేదంటే ఇంక లేవడు, నాకు తెలుసు." ఆవు పొదుగు వదిలి ఆవిడ మొహంలోకి చూశాను. కళ్ళ కింద నల్లగా గుంటలు పడి ఉన్నాయి. అప్పుడర్థమైంది నాకు, ఇది పూల ముచ్చట కాదని.

ఆ వారమంతా ఊళ్ళో ప్రతి పెరడూ చూసొచ్చింది. అర్విద్స్ హంసల దగ్గర చాలాసేపు నిలబడింది. "రెండు హంసలు నేనే చేసిస్తాను, ఊరికే," అన్నాడు వాడు. కాసేపు చూసి, "ఇవి ఎటూ వెళ్ళలేవు కదా," అని వచ్చేసింది. పంతులమ్మ మరుగుజ్జుల్ని చూసి, ఇంత పొట్టివాళ్ళు నవ్వుతుంటే ఆయనకి కోపం వస్తుందేమో అంది. సముద్రంలా వేద్దామా, నీలం పూలూ గవ్వలూ పెట్టి, అంది ఒకరోజు. మర్నాటికి, వద్దు, ఆయనకి ఈత రాదు అంది. పాత బండి చక్రాలు పెట్టి పల్లెటూరి పెరడు వేద్దామా అంది. మనమున్నదే పల్లెటూరు కదే అన్నాను నేను. ప్రతిదాన్లోనూ ఏదో అపశకునం కనిపించేది ఆవిడకి. మంచం మీది మనిషి కళ్ళతో ఊరంతా చూసుకుంటూ తిరిగింది పాపం.

ఆఖరికి వాణ్ణే అడిగింది. నేనప్పుడు పాలు ఇవ్వడానికి వెళ్ళి గుమ్మంలో ఉన్నాను. "కిటికీలోంచి ఏం కనిపిస్తే బాగుంటుంది నీకు?" అని మంచం అంచున కూర్చుని అడిగింది. "చెప్పు తాలిస్. ఒక్క మాట చెప్పు. నువ్వేం చెప్తే అదే వేస్తాను."

"గోల లేకుండా ఉంటే చాలు," అన్నాడు వాడు. "ప్రశాంతంగా."

బిరుతా మొహం వెలిగిపోయింది. అన్ని నెలల్లో వాడు ఇది కావాలని నోరు తెరిచి అడిగింది ఆ ఒక్కటే మరి. ప్రశాంతంగా. నన్ను గేటు దాకా సాగనంపుతూ నా చెయ్యి పట్టుకుని పిసికేసింది. "ప్రశాంతంగా ఎలా ఉంటుందో నాకు తెలుసు వేల్తా. ఆ ఒక్కటీ నాకు బాగా తెలుసు," అంది.

మర్నాటి నుంచి కంచె పొడుగునా తాళ్ళు కట్టి దుప్పట్లు వేలాడదీసింది. పండగ నాటి దాకా ఎవరూ చూడకూడదట. వాడి కిటికీకి తెర వేసేసింది. పగలు సమాధుల దగ్గర పని, సాయంత్రం ఇంటిదగ్గర పని. మాకు జూన్లో పొద్దుకి అలుపు లేదు, దాంతో ఆవిడకీ లేకుండా పోయింది. చక్రాల బండిలో ఇసక తోలుకోవడం కనిపించేది. అర్విద్స్‌ని బతిమాలి పొలం గట్టు మీది పెద్ద రాయి ఒకటి ట్రాక్టరు మీద తెప్పించుకుంది. అదెందుకో వాడికి చెప్పలేదు. నన్ను గేటు లోపలికి రానిచ్చేది కాదు, పాలు గేటు మీదుగానే అందుకునేది. చేతులు పగిలి నెత్తురు కారుతున్నా చేతితొడుగులు వేసుకునేది కాదు.

ఒక సాయంత్రం పాలు అందుకుంటూ గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఇవాళ గడ్డం గీస్తానంటే వద్దన్నాడు," అంది. "గోరువెచ్చని నీళ్ళు తెచ్చి పెట్టుకున్నాను. ఎందుకే ఈ హడావుడి, నన్నిలా పోనియ్యి అన్నాడు. నాకు భయంగా ఉంది వేల్తా. నేను పక్కనుండగానే ఆయన పోతున్నాడు. రోజూ కాస్త కాస్త పోతున్నాడు. నేను బిగోనియాలకి నీళ్ళు పోస్తున్నాను." గేటు మధ్యనుండగానే బిరుతా తల నా భుజానికి ఆనించుకున్నాను. పాలు ఒలికాయి. ఇద్దరం పట్టించుకోలేదు.

లీగో పండగ వచ్చింది. ఆరోజు మొదట బిరుతా ఇంటికే వెళ్ళాలని ముందే అనుకున్నాం. పెరడు ఎలా ఉన్నా సరే, ఆకాశానికి ఎత్తెయ్యాలి, గొంతులు పగిలేలా పాడాలి అని అర్విద్స్ అందరికీ మరీ మరీ చెప్పాడు. తాలిస్ కోసం అందరికన్నా పెద్ద ఓక్ కిరీటం నేనే అల్లాను. అర్విద్స్ అకార్డియన్ వాయిస్తూ ముందు నడుస్తుంటే, రోడ్డు మలుపు నుంచే అందుకున్నాం. మా పాట ఊరు దాటి వినిపించే ఉంటుంది.

గేటు దగ్గరికొచ్చాం. దుప్పట్లు తీసేసి ఉన్నాయి. బిరుతా గుమ్మం పక్కన నిలబడి ఉంది. తెల్ల జాకెట్టు, నెత్తిన పూల కిరీటం, చేతులు ముందుకు కట్టుకుని, మా మొహాలకేసి చూస్తోంది.

పాట ఆగిపోయింది. ఎవరూ ఆపమన్లేదు, దానంతటదే ఆగిపోయింది.

ఇంటి ముందంతా తెల్ల ఇసక. చేపముల్లు చారలు, ఒక్క గీత తప్పకుండా. మధ్యలో పక్కపక్కనే రెండు మళ్ళు, మనిషి పొడుగు ఒక్కోటీ, చుట్టూ రాతి అంచు. ఒక దాన్నిండా ఎర్రటి బిగోనియాలు. రెండోది ఖాళీగా, దువ్విన ఇసకతో ఉంది. బిగోనియాల తల దగ్గర పొలం గట్టు రాయి, శుభ్రంగా కడిగి నిలబెట్టి ఉంది. రాయి ముందు గాజు లాంతర్లో కొవ్వొత్తి. రాయికి అటొకటీ ఇటొకటీ, సమాధుల దగ్గర నాటే చిన్న తూజా మొక్కలు. కాళ్ళ దగ్గర, కూర్చుని చూసుకోడానికి, చిన్న చెక్క బల్ల. ఇంత అందమైన సమాధి మా తోటలో ఇంకోటి లేదు.

అకార్డియన్ చేతుల్లోనే ఊపిరొదిలి మూసుకుపోయింది. అర్విద్స్ ఏం చేస్తున్నాడో వాడికే తెలీదు. నెత్తి మీది ఓక్ కిరీటం తీసి గుండెకి ఆనించుకున్నాడు, సమాధి దగ్గర టోపీ తీసినట్టు. వాణ్ణి చూసి వెనకున్న మగాళ్ళంతా ఒక్కొక్కరే తీసేశారు.

బిరుతా ఆ కిరీటాల వైపు చూసింది. కిరీటాలు పట్టుకున్న చేతుల వైపు చూసింది. మెల్లిగా వెనక్కి తిరిగి, తను వేసిన పెరడు మొదటిసారి చూసింది. ఆవిడ భుజాలు కుంగిపోయాయి. "అయ్యో," అంది. "అయ్యో, నేనేం చేశాను. ఎంత పని చేశాను." గొంతు పెద్దది చెయ్యలేదు. మాకు వినపడకూడదని కాబోలు, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. మరుక్షణం కిటికీ వైపు పరిగెత్తింది. అంతకు ముందే దాని తెర తీసి వచ్చింది తను.

కిటికీలో తాలిస్ మొహం ఉంది. గడ్డం మాసిపోయి, చెంపలు లోపలికి పోయి, గాజుకి ఆనుకుని ఉంది. ఊరంతా పాడుకుంటూ వచ్చి, తన గేటు దగ్గర ఎందుకు నోరు మూసుకుందో చూడ్డానికి మోచేతుల మీద లేచాడట. అదంతా తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం ఆ మొహం చూసి, ఇదే వీడి ఆఖరు చూపు అనుకున్నాను. ఆ మొహం కిటికీలోంచి మాయమైంది.

లోపల ఏదో దభీమని పడింది. కుర్చీ అయ్యుండాలి. తర్వాత ఒక కర్ర చప్పుడు. ఆగి, ఇంకో కర్ర చప్పుడు. మేమెవరం కదల్లేదు. బిరుతా కిటికీ కింద గోడకి ఆనుకుని కూలబడిపోయింది, మొహం మోకాళ్ళలో పెట్టుకుని.

తలుపు తెరుచుకుంది. రాత్రి చొక్కాలో, చంక కర్రల మధ్య వేలాడుతూ వచ్చాడు తాలిస్. ఆ లావు మనిషి ఏమయ్యాడో, చొక్కా మాత్రమే మిగిలింది. రాయిని చూశాడు, లాంతరు చూశాడు, బల్ల చూశాడు.

"రెండోది ఎవరికే?" అన్నాడు.

బిరుతా మొహం ఎత్తలేదు. "నాకు," అంది. "వంటింటి కిటికీలోంచి నాకు కూడా ఏదైనా కనిపిస్తుందని."

వాడు మా వైపు తిరిగాడు. "ఏరా, నోళ్ళు పడిపోయాయా? గేటు దాకా వచ్చి పాడకుండా నిలబడేది ఏ ఊరి మర్యాద?" అని, కర్ర ముందుకేసి ఇసక మీద కాలు పెట్టాడు.

మాలో ఆడాళ్ళందరికీ ఊపిరాగిపోయింది. దువ్విన ఇసక మీద కాలు పెట్టకూడదని పాలతో తాగి పెరిగినవాళ్ళం. చేపముల్లు చారల మధ్య ఒక కర్ర గుంట, ఒక అడుగు, ఇంకో కర్ర గుంట, ఈడ్చిన కాలి గీత. వాడు మళ్ళ పక్కనుంచి రావాలి గాని, రాతి అంచు తగిలి తూలాడు. వెనక్కి, బిగోనియాల్లోకి, తలవైపు తలా కాళ్ళవైపు కాళ్ళూ సరిగ్గా పడిపోయాడు. బిరుతా లేచి పరిగెత్తబోయింది. మేం గేటు తోసుకు రాబోయాం.

"ఎవరూ రావద్దు," అన్నాడు పడుకునే. నొప్పికి వాడి పళ్ళు బిగుసుకుపోవడం కనిపిస్తోంది. బిరుతా ఎక్కడిదక్కడ ఆగిపోయింది, చేతులు గాల్లో అలాగే ఉండిపోయాయి. అలా ఎంతసేపు పడుకున్నాడో. లేవడనే అనుకున్నాను. అప్పుడు ఆ పూలల్లోంచి, తుప్పు పట్టిన తలుపు తీసినట్టు, గొంతు వచ్చింది.

"బతికున్న మొగుణ్ణి పూలల్లో పాతింది, లీగో, లీగో,
కాళ్ళు బయటే ఉన్నాయి చూసుకోలేదు, లీగో, లీగో"

ఎవరూ నవ్వలేదు. నవ్వే వేళ కాదు అది. అయితే మా పద్ధతి ఒకటుంది, దులిపిన పాటకి ఎదుటివైపు ఆడాళ్ళు జవాబు పాడాలి. పాడకపోతే పాట అక్కడితో చచ్చినట్టు. అందరూ నా వైపు చూశారు. పోయిన పండగ నుంచీ వాడికి బాకీ ఉన్నది నేనే కదా. ఏడాదంతా కట్టిపెట్టుకున్న తిట్టు పాటలొక్కటీ గుర్తు రాలేదు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే, తోచింది పాడాను.

"కాళ్ళున్న వాడైతే కదలడేమిరా, లీగో, లీగో,
గేటుకాడ కిరీటం ఎండిపోతోంది, లీగో, లీగో"

వాడు మోకాలి మీద లేచాడు. రాయి పట్టుకుని నిలబడ్డాడు. కొవ్వొత్తి లాంతరు పక్కకి దొర్లిపోయింది. బిగోనియాలన్నీ తొక్కుకుంటూ, అంత అందమైన ఇసకంతా దున్నేసుకుంటూ గేటు దాకా వచ్చాడు. గేటు పట్టుకుని వేలాడాడు. నేను కిరీటం నెత్తిన పెడితే, అది జారి ముక్కు మీదికి వచ్చింది. అంత చిక్కిపోయాడు.

ఆ తర్వాత అంతా బాగైపోయిందని చెప్పి ఇంటికి పంపెయ్యొచ్చు మిమ్మల్ని. అలా జరగలేదు. ఆ రాత్రే వాడికి తుంటి వాచింది, జ్వరం వచ్చింది. మర్నాడు చూస్తే మళ్ళీ గోడ వైపే తిరిగి ఉన్నాడు. చారు తాగలేదు. బిరుతాతో మాట్లాడలేదు. నర్సు వచ్చి నొప్పికి మందిచ్చి, చూద్దాం అంది. చూద్దాం అన్నప్పుడు ఆ పిల్ల మా మొహాల్లోకి చూడలేదు.

సాయంత్రం పాలు తీసుకెళ్ళాను. బిరుతా ఇసక దువ్వే కర్ర పట్టుకుని పెరట్లో నిలబడి ఉంది. రాయీ లాంతరూ పొద్దున్నే అర్విద్స్ తీసుకుపోయాడు. ఇసక మీద తాలిస్ అడుగులు అలాగే ఉన్నాయి, గుమ్మం నుంచి గేటు దాకా. ఇన్నేళ్ళుగా అడుగు కనిపిస్తే చెరపకుండా ఉండలేని చెయ్యి అది. కర్ర ఎత్తుతోంది, దించుతోంది.

"చెరపకే," అన్నాను.

"చెరపను. నా దగ్గరున్నది ఇదొక్కటే," అంది. పడమటి వైపు మబ్బు పట్టి ఉంది. మాట్లాడుతుండగానే మొదటి చుక్క ఇసక మీద పడి గుంట చేసింది. బిరుతా ఆ గుంటని చూసింది. కర్ర విసిరేసి లోపలికి పరిగెత్తి, బట్టలు తడిపే ఎనామిల్ బేసిన్ పట్టుకొచ్చింది. గేటు దగ్గర, వాడు నిలబడిన చోట, అన్నిటికన్నా లోతుగా పడ్డ అడుగు మీద దాన్ని బోర్లించింది. మిగతావి వాన తీసుకుపోతుంటే, బేసిన్ పక్కన ముద్దగా తడుస్తూ నిలబడింది. ఇంట్లోకి పోవే అన్నాను, విన్లేదు.

వాన రెండు రోజులు పట్టింది. ఇసకంతా చదునైపోయి, కొత్తగా పోసినట్టే ఉంది. గేటు దగ్గర ఆ తెల్ల బేసిన్ ఒక్కటే బోర్లా ఉంది. బిరుతా దాన్ని కదపలేదు. సమాధుల పనికి వెళ్తూ దాని పక్కనుంచి వెళ్ళేది, వస్తూ దాని పక్కనుంచి వచ్చేది. నేను లోపల మంచం దగ్గర పాలచెంబు పెడుతుండగా వాడే అడిగాడు, కిటికీ వైపు తల తిప్పి.

"గేటు దగ్గర ఆ బేసిన్ ఏమిటే?"

బిరుతా పొయ్యి దగ్గర వెనక్కి తిరక్కుండానే నిలబడింది. "కింద ఒకటుంది," అంది.

"ఏముంది?"

"వచ్చి చూసుకో."

వాడు మళ్ళీ అడుగుతాడనుకున్నాను. అడగలేదు. నేను చెంబు తీసుకుని బయటికొచ్చేశాను. మా ఇంటి కిటికీ దగ్గర కూర్చుని చూస్తూ ఉన్నాను, పని మానుకుని. ఆవులు అరుస్తున్నాయి. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. వాడు ఒక్కడే వచ్చాడు. బిరుతా గుమ్మంలోనే ఉండిపోయింది, తలుపు రెక్క పట్టుకుని. బేసిన్ దగ్గరికొచ్చి కర్ర కొసతో తిరగేశాడు. కింద వాడి అడుగు, వేళ్ళతో సహా. దాన్ని చూస్తూ ఉన్నాడు ఉన్నాడు ఉన్నాడు. ఇక ఏమనుకున్నాడో, ఆ అడుగు పక్కన ఇంకో అడుగు వేశాడు.

ఇప్పుడు ఆగస్టు. పట్నాల వాళ్ళంతా వచ్చి తమవాళ్ళ సమాధుల దగ్గర చేరే మా సమాధుల తోట పండగ దగ్గరపడింది, బిరుతాకి తల గోక్కునే తీరిక లేదు. నిన్న కూడా ఎవరో పట్నం పిల్లలు ఇసక మీద నడిచారని కేకలేసింది. ఇంటిదగ్గర ఆ రెండు మళ్ళూ తీసేసి ఉల్లి నాటింది. బల్ల మాత్రం ఉంచేశారు, తాలిస్ నడక మధ్యలో కూర్చుని ఆయాసం తీర్చుకోడానికి. ఇసక కూడా ఉంచేశారు. దువ్వే కర్ర దాని మీదికి రానివ్వదు బిరుతా.

మొన్న సాయంత్రం ఉన్నట్టుండి జల్లు అందుకుంది. నేను ఆరేసిన బట్టలు తీస్తున్నాను. బిరుతా పాత అలవాటు కొద్దీ బేసిన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. వచ్చి ఆగిపోయింది. గుమ్మం నుంచి గేటు దాకా, గేటు నుంచి కట్టెల దొంతర దాకా, దొంతర నుంచి బల్ల దాకా, ఇసకనిండా అడుగులే. ఏ అడుగు మీద బోర్లించాలో తెలీక అక్కడే నిలబడిపోయింది. ఇటు రెండడుగులు వేస్తుంది, అటు చూస్తుంది. తాలిస్ గుమ్మంలో కర్రల మీద వాలి చూస్తున్నాడు. ఆఖరికి బేసిన్ తన నెత్తి మీదే బోర్లించుకుని లోపలికి పోయింది.